పాము కంట్లో చుక్కల మందు

రాజకుమారికి అత్త లక్ష్మణమ్మ మీద ఉన్న ఫిర్యాదులన్నీ చేటలో పోసి చెరిగితే, పొట్టంతా ఎగిరిపోయి చివరికి ఒక్క గింజ మిగులుతుంది. లక్ష్మణమ్మకి ‘తప్పు నాది’ అనడం రాదు. మాట తెలియక కాదు. ఎదుటివాళ్ళ తప్పయితే వీధి చివరికి వినబడేలా చెప్పగలదు. తన దగ్గరికి వచ్చేసరికే గొంతు పట్టేస్తుంది. పాయసంలో ఉప్పు పడితే, ఉప్పుకీ పంచదారకీ ఒకేలాంటి డబ్బాలు కొన్న రాజకుమారిది తప్పు. గుమ్మం తగిలి బొటనవేలి గోరు లేచిపోతే, ఆ గుమ్మం నిలబెట్టిన వడ్రంగిది తప్పు. సీరియల్లో అత్తెవరో కోడలెవరో పోల్చుకోలేకపోతే, ఇద్దరికీ ఒకటే పౌడరు పూసిన టీవీ వాళ్ళది తప్పు.

అసలు సంగతి, ఆవిడ రెండు కళ్ళకీ పొర కమ్మింది. శ్రీకాకుళంలో కంటి డాక్టరు లైటు వేసి చూసి, “కుడి కన్ను బాగా ముదిరిపోయిందమ్మా. ఇంకా ఆలస్యం చేస్తే, తీసినా చూపు వస్తుందని నేను చెప్పలేను,” అన్నాడు. ఆ డాక్టరు గదిలో వెలుతురు చాలలేదని చెప్పి లక్ష్మణమ్మ ఇంటికి వచ్చేసింది.

ఆవిడ భయం ఎక్కడిదో రాజకుమారికి తెలుసు. లక్ష్మణమ్మ అన్న సూరయ్య ఎప్పుడో కంటికి ఆపరేషన్ చేయించుకుని ఆ కన్ను పోగొట్టుకున్నాడు. కట్టు వేసిన సాయంత్రమే విప్పి పారేసి, మడికి నీళ్ళు కట్టడానికి బురదలో దిగాడన్న సంగతి లక్ష్మణమ్మ చెప్పే కథలో ఉండదు. “కోసినారు, కన్ను పోయినాది.” అంతే ఆ కథ. ఆ సూరయ్య రాజకుమారికి సొంత పెదనాన్న. మేనకోడలు కోడలైన ఇంట్లో ఇదొక చిక్కు. అత్తని ఒక మాట అందామంటే పుట్టింటిని కూడా కలిపి అన్నట్టవుతుంది.

వీటన్నిటి పైన చీర గొడవ ఒకటి. కిందటేడు దసరాకి రాజకుమారి స్వయంగా పొందూరు వెళ్ళి, మగ్గం పక్కన కూర్చుని, అత్త కోసం ఖద్దరు చీర ఎంచింది. లేత నీలం. వాన వెలిసిన పొద్దుటి ఆకాశం ఉంటుందే, ఆ రంగు. లక్ష్మణమ్మ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

“బూడిద రంగు సీర తెచ్చినావేటే?”

“నీలం అత్తా.”

“నాకు తెల్దేటి నీలవంటే? ఇది బూడిదే. నాను పోయేక కప్పుతావా, ముందరే కట్టుకోమంటావా?”

చీర ట్రంకు పెట్టెలోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఇంటికి ఎవరు వచ్చినా లక్ష్మణమ్మ కాఫీ ఇప్పించి, కోడలు తెచ్చిన బూడిద రంగు చీర కథ చెప్పి పంపేది. వచ్చినవాళ్ళు రాజకుమారి వైపు ఒక చూపు చూసి వెళ్ళేవారు. ట్రంకు తీసి చీర చూపించడం ఎంతసేపు పని? కానీ అత్త కళ్ళని నలుగురిలో పరీక్షకి పెట్టినట్టవుతుందని రాజకుమారి ఊరుకునేది. ఊరుకున్నందుకు ఒక్కోసారి తన మీద తనకే కోపం వచ్చేది. అప్పుడు అత్త కాఫీలో పంచదార తగ్గించేది.

ఇలా ఉండగా కార్తీక మాసంలో ఇంటికి పాము వచ్చింది. దానంతట అది రాలేదు. సుహాసిని తెచ్చింది.

సుహాసిని రాజకుమారి ఒక్కగానొక్క కూతురు. గరివిడిలో పశువైద్యం చదువుతోంది. పశువులంటే ఆవులూ గేదెలే అనుకుని రాజకుమారి మొగుడు జగన్నాధం ధైర్యంగా చేర్పించాడు. నాగుల చవితి వెళ్ళిన కొద్ది రోజులకి ఆ పిల్ల దుప్పటి కప్పిన గాజు పెట్టెతో నరసన్నపేటలో ఇంటి ముందు ఆటో దిగింది. విశాఖలో స్నేహితురాలు పెంచుకుంటున్న పామట. కొత్త ఇంటి ఓనరు వద్దన్నాడట. సుహాసిని తన పేరు మీదికి మార్పించుకుందట. హాస్టల్లో పెట్టనివ్వరు గనక, పరీక్షలయ్యే దాకా ఇక్కడ ఉంటుందట.

“కాయితాలన్నీ ఉన్నాయి నాన్నా. మన రేషన్ కార్డు కన్నా పక్కాగా ఉన్నాయి.”

“నాకెందుకే కాయితాలు? దానికి సూపించు, మనల్ని కరవకూడదని,” అన్నాడు జగన్నాధం. ఆయనకి బజార్లో విత్తనాలు, ఎరువుల కొట్టు ఉంది. ఎలుకల మందు అమ్మే చేత్తో పాముని ముట్టుకోవడం ధర్మం కాదని చెప్పి, రోడ్డు మీదే నిలబడ్డాడు.

సుహాసిని దుప్పటి తీసింది. నల్లటి ఒంటి మీద బిస్కెట్ రంగు మచ్చలు, గుండ్రంగా చుట్టుకుని ఉంది. ఆఫ్రికా జాతి అనీ, విషం లేదనీ, భయం వేస్తే తల మధ్యలో దాచుకుని బంతిలా అయిపోతుందనీ చెప్పింది.

“మీ నాన్నలాగే,” అంది రాజకుమారి.

పెట్టె కింద ఒక వేడి పలక ఉంటుంది. దానికి కరెంటు పోకూడదు. ఇన్వర్టరు ప్లగ్గు ఉన్నది లక్ష్మణమ్మ గదిలోనే, ఆవిడ సీరియల్ ఆగకూడదని పెట్టించింది. కాబట్టి పాము అక్కడికే చేరింది. లక్ష్మణమ్మ అల్లరి చేస్తుందని అందరూ అనుకున్నారు. ఆవిడ చెప్పులు విడిచి, చేతులు జోడించి, గాజు మీద ముక్కు ఆనేంత దగ్గరగా వంగింది.

“పడగేదే?”

“దీనికి పడగుండదు మామ్మా.”

“సిన్నపిల్లడు కదా. వస్తాదిలే. పేరేటి?”

“బిస్కెట్.”

“దేవుడికి బిస్కెట్టని పేరేటే? కళ్ళు పోతాయి.” కళ్ళ మాట తనే ఎత్తినందుకు లక్ష్మణమ్మ కాసేపు గోడ వైపు తిరిగింది. తర్వాత మెల్లిగా అంది: “నాయినా అని పిలుస్తాను నాను. పాలు పోద్దునా?”

“పాములు పాలు తాగవు మామ్మా. ఏ పామూ తాగదు.”

“మరి నాను సిన్నప్పట్నించీ పుట్టలో పోసినవన్నీ ఎవలు తాగీసినారే?”

“చీమలు.”

లక్ష్మణమ్మ ఆలోచించింది. “అయితే మనూరి సీమలకి నాగదోసం లేదన్నమాట,” అంది.

సుహాసిని దానికి తిండి పెట్టి, తను తిరిగి వచ్చే దాకా మళ్ళీ పెట్టే పని లేదని చెప్పి పరీక్షలకి వెళ్ళిపోయింది. నీళ్ళు మార్చడం రాజకుమారి పని. మిగతా పోషణ లక్ష్మణమ్మది. పోషణ అంటే మాటలే. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ పెట్టె పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది. వంటింట్లో కూరలు తరుగుతున్న రాజకుమారికి అన్నీ వినబడేవి.

“నాయినా, ఈయేల పులుసులో బెల్లం ఎయ్యలేదు మా కోడలు. అడిగితే ఏసేనంటాది. నా నాలిక్కి తెల్దేటి? పోనీలే, సేతికి పనెక్కువ దానికి. పొద్దున్న లేచి ఒక్కర్తే సేసుకుంటాది.”

ముందు సగానికి రాజకుమారి కత్తిపీట గట్టిగా నొక్కేది. వెనక సగానికి చేతులు కాస్త నెమ్మదించేవి. తన గురించి మంచి మాట కూడా ఈ ఇంట్లో ఒకరికి చెబుతారని పాము వచ్చాకే తెలిసింది.

ఆ రోజుల్లోనే జగన్నాధం తల్లిని బతిమాలి, బెదిరించి, చివరికి రెండు పూటలు అన్నం మానేసి, ఆపరేషన్‌కి ఒప్పించాడు. మానేసిన రెండు పూటలూ కొట్టు పక్క హోటల్లో దోశలు తిన్నాడని రాజకుమారికి తెలుసు గానీ, అది మంచి పనికే గనక చెప్పలేదు. డాక్టరు శుక్రవారం రమ్మన్నాడు. లక్ష్మణమ్మ “సూద్దాం” అంది. ఆవిడ నోట అది సగం ఒప్పుకోలు.

ఇంతలో బిస్కెట్‌కి కళ్ళు మసకబారాయి.

మొదట ఒళ్ళు వెలిసిపోయి, పాత సైకిల్ ట్యూబులా అయింది. పొట్ట కింద గులాబి రంగు తిరిగింది. ఒక పొద్దున్న రాజకుమారి నీళ్ళు మార్చబోయి చూస్తే, రెండు కళ్ళూ బియ్యం కడిగిన నీళ్ళలా ఉన్నాయి. వెంటనే సుహాసినికి ఫోన్ చేసింది.

“కుబుసం విడవబోతన్నాదమ్మా, అంతే,” అంది సుహాసిని. “వాటికి కంటి రెప్పలుండవు. కంటి మీద గాజులాంటి పొలుసొకటి ఉంటాది, అది కూడా చర్మంలో ముక్కే. పాత చర్మానికీ కొత్తదానికీ మధ్యని నీరు చేరితే అలగ మసకేస్తాది. కొన్నాళ్ళకి దానంతటదే తేటపడతాది. ఆ తర్వాత విడుస్తాది. తడిగుడ్డొకటి పెట్టెలో పెట్టి, దాని జోలికెళ్ళకండి.”

రాజకుమారి ఇదంతా అత్తకి చెప్పింది. లక్ష్మణమ్మ వినలేదు.

“కుబుసం సంగతి నాకు సెప్తావేటే? గట్ల మీద ఎన్ని ఏరేను. కుబుసం ఒంటికి. కంటికి కుబుసవేటి? దానికి నాలాగే పొరొచ్చినాది. పాపం, ఏటీ కనబడక ఎలా ముడుసుకున్నాదో సూడు.”

తర్వాతి రోజుల్లో ఆ గదిలో ఉల్లిపాయ వాసన రావడం మొదలైంది. రాజకుమారి ముందు తన చేతులు వాసన చూసుకుంది. తర్వాత చీర కొంగు. తర్వాత, ఇదేం పాము, కుబుసం విడిచే ముందు ఉల్లిపాయ వాసన వేస్తుందా అని కూడా అనుకుంది.

సరిగ్గా శుక్రవారానికి ముందు రోజు, మధ్యాహ్నం భోజనాల దగ్గర లక్ష్మణమ్మ పీట మీద నిటారుగా కూర్చుని ప్రకటించింది.

“ఒరే జగ్గూ, రేపు కారు పిలవకు. ఆపరేసన్ అక్కర్లేదు.”

“ఏటమ్మా, మళ్ళీ ఏటయ్యింది?”

లక్ష్మణమ్మ బొడ్లోంచి చిన్న సీసా తీసి కంచం పక్కన పెట్టింది. కిందటేడు శ్రీకూర్మం దర్శనానికి వెళ్ళినప్పుడు, ఆటోలు ఆగే చోట గొడుగు వేసుకుని కూర్చున్నాయన దగ్గర కొన్న చుక్కల మందు. తేనె, తెల్ల ఉల్లిపాయ రసం, ఇంకా ఆయన చెప్పకూడదన్నది ఏదో ఒకటి. కంటి పొరని కోతా కుట్టూ లేకుండా కరిగిస్తుందని చెప్పాడట.

“నాయిన కంట్లో ఏసేను. పొద్దుటా, సాయంత్రం. మా కోడలుపిల్ల నీళ్ళు తేడానికెళ్ళినప్పుడు. ఇప్పుడు ఎల్లి సూడండి, ఎలాగున్నాయో. రాజీ, నువ్వే సూసి సెప్పు. నాను సెప్తే మీరు నమ్మరు కదా.”

రాజకుమారి ఎంగిలి చేత్తోనే లేచి వెళ్ళి చూసింది. బిస్కెట్ రెండు కళ్ళూ నల్లగా, తేటగా ఉన్నాయి. అబద్ధం చెప్పాలని చాలా అనిపించింది. ఎదురుగా ఆ పాము ఏమీ ఎరగనట్టు నాలుక ఆడించింది.

“తేటగానే ఉన్నాయి,” అంది తిరిగి వచ్చి. “ఏ కంట్లో వేసేవత్తా?”

“కుడి కంట్లో. నాది కుడే కదా ఎక్కువ. ఎడమ దానికి అందనియ్యలేదు, తల దాసీసుకున్నాది.”

“మరి ఎడమ కన్ను కూడా తేటపడిందే?”

“మందు నరాల్లోంచి ఎల్తాది,” అంది లక్ష్మణమ్మ, సాంబారు కలుపుకుంటూ.

జగన్నాధం పెళ్ళాం వైపు చూశాడు. పాము తెచ్చిన కూతుర్ని కన్నందుకు చూసే చూపు అది. శుక్రవారం వచ్చింది, వెళ్ళిపోయింది. కారు రాలేదు. లక్ష్మణమ్మ ఆ సీసా దిండు పక్కనే పెట్టుకుని, తన కంట్లోనూ రెండు పూటలా వేసుకోవడం మొదలుపెట్టింది. కన్ను ఎర్రగా వాచింది. అది పొర కరిగే గుర్తని ఆవిడ చెప్పింది. రాజకుమారికి రాత్రులు నిద్ర పట్టడం మానేసింది. పెదనాన్న ఒంటి కన్ను పదేపదే గుర్తొచ్చేది. సీసా దాచేద్దామనుకుంది. దాచితే అత్త ఇంకొకటి తెప్పిస్తుంది. ఒట్టు పెట్టిద్దామనుకుంది. ఒట్టు ఎవరి మీద పెట్టాలో తేలలేదు.

తర్వాత ఒక పొద్దున్న గదిలోంచి లక్ష్మణమ్మ పిలిచింది. “రాజీ, ఇలా బేగి రా. నాయిన ఏటో సేస్తన్నాడు. సప్పుడొస్తన్నాది.”

రాజకుమారి చేతిలో చీపురు అలాగే ఉంచుకుని వెళ్ళింది. బిస్కెట్ పెట్టెలో పెట్టిన రాయికి ముక్కు రాస్తోంది. పెదవుల దగ్గర చర్మం చిట్లి, సన్నటి అంచు లేచింది.

“సెప్పవే, ఏటి సేస్తన్నాడు?”

“మూతి రాస్తున్నాడత్తా. పెదాల దగ్గర చిరిగింది. ఇప్పుడు… ఆ అంచు రాయికి తగిలించుకుని ముందుకి పాకుతున్నాడు.”

“పైకొస్తన్నాదా?”

“వస్తోంది. తడిసిన జాకెట్టు చెయ్యి విప్పినప్పుడు లోపలిది బయటికి తిరగబడతాది కదా, అలగ. నుదురు దాటింది. లోపల కొత్త చర్మం మెరుస్తోంది. నూనె రాసినట్టుంది.”

లక్ష్మణమ్మ చేయి వెతుక్కుంటూ వచ్చి రాజకుమారి మోచేయి పట్టుకుంది. “నొప్పెడతన్నాదేమో.”

“లేదనుకుంటాను. తొందర లేదు వాడికి. కాసేపు ఆగుతున్నాడు, మళ్ళీ పాకుతున్నాడు. మధ్యలో తడిగుడ్డ కిందకి దూరాడు.”

“తోక దాకా సెప్పు. మద్దెలో ఎల్లిపోకు.”

రాజకుమారి చీపురు గోడకి ఆనించి, నేల మీద కూర్చుని తోక దాకా చెప్పింది. పొయ్యి మీద పాలు పొంగి గిన్నె చుట్టూ కారాయి. రాజకుమారి లేవలేదు. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి అత్త తన నోటి మాట ఇంత శ్రద్ధగా వినడం ఇదే మొదటిసారి.

చివరికి పాము ఒక పక్కా, పాత చర్మం ఒక పక్కా అయ్యాయి. గుమ్మం అవతల జగన్నాధం పాత పేపరు ఒకటి చాపి నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ ఆ గది వైపు రాని మనిషి. కుబుసం గల్లాపెట్టెలో ఉంచుకుంటే కొట్టుకి మంచిదట.

“పాము వద్దు, దాని చొక్కా కావాలేటి బావా?” అంది రాజకుమారి.

“చొక్కా కరవదు కదా,” అన్నాడాయన.

“రెండు కళ్ళూ బాగున్నాయా?” అని లక్ష్మణమ్మ అడిగింది. ఆ గొంతులో గెలుపు అప్పటికే సిద్ధంగా ఉంది.

రాజకుమారి వంగి చూసింది. ఎడమ కన్ను కాటుక చుక్కలా నల్లగా మెరుస్తోంది. కుడి కన్ను మెరవడం లేదు. దాని మీద పొర ముడతలు పడి, దుమ్ము పట్టిన గాజుముక్కలా ఉంది.

“ఒకటి బాగుంది,” అంది నెమ్మదిగా.

“ఏది?”

“ఎడమది.”

రాజకుమారి కుబుసం తల భాగాన్ని జాగ్రత్తగా విప్పి, కిటికీ వెలుతురుకి పట్టుకుంది. ఎడమ కన్ను ఉండాల్సిన చోట చిన్న గాజు గిన్నెలాంటి పొలుసు ఉంది. కుడి వైపు చిల్లు. ఆవిడ అత్త చూపుడు వేలు పట్టుకుని ముందు ఒక వైపు, తర్వాత రెండో వైపు ఆనించింది. లక్ష్మణమ్మ వేలు చిల్లు దగ్గర ఆగిపోయింది.

“దీని పొర రాలేదేటి?”

“రాలేదత్తా. అతుక్కుపోయింది. తేనె కదా.”

కోప్పడడానికి ఇంతకన్నా మంచి సమయం రాజకుమారికి జీవితంలో దొరకదు. చీరకీ, పులుసుకీ, పాయసానికీ కలిపి ఒకేసారి తీర్చుకోవచ్చు. కానీ అత్త వేలు ఆ చిల్లు చుట్టూ తిరుగుతూనే ఉంది. రాజకుమారి పొంగిన పాలు తుడవడానికి వెళ్ళింది.

ఆ పూట లక్ష్మణమ్మ అన్నం ముట్టలేదు. ఆవిడ నిజంగానే ముట్టలేదు, దోశలు కూడా తినలేదు. సాయంత్రం దిండు పక్కనున్న సీసా తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టింది. “ఇది పారెయ్యి,” అంది. మర్నాడు సుహాసిని చివరి పరీక్ష రాసి, బస్సులు మారి ఇంటికి వచ్చేసరికి మామ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది.

“వాడికి కన్ను పోతాదేటే?”

“పోదు మామ్మా. ఆ పొలుసు అడ్డుగా ఉంది కదా, మందు కంట్లోకి దిగలేదు. గోరుతో గీకితే మాత్రం పోతాది. ముందు గోరువెచ్చని నీళ్ళలో ఉంచుదాం, మెత్తబడతాది. తర్వాత తడి గుడ్డలోంచి పాకనిస్తే అదే రాసుకుని వదిలించుకుంటాది. మెత్తగా ఉంటూనే కొంచెం గరుకున్న గుడ్డ కావాలి. సబ్బు వాసన తగలనిదైతే మంచిది.”

రాజకుమారి బీరువా వైపు వెళ్ళబోయింది. అంతలో ట్రంకు పెట్టె మూత చప్పుడైంది. లక్ష్మణమ్మ తడుముకుంటూ అడుగు నుంచి పొందూరు చీర లాగింది. మడత కూడా విప్పనిది.

“ఇదుంది కదా. ఎలాగూ బూడిద రంగే, మాసినా తెలీదు.”

రాజకుమారి చీర అందుకుని తడపడానికి తీసుకెళ్ళింది.

బిస్కెట్‌ని చాలాసేపు పళ్ళెంలో నీళ్ళలో ఉంచాక, సుహాసిని తడిపిన చీర కుచ్చిళ్ళలోకి దాన్ని వదిలింది. “నాను పడతాను,” అని లక్ష్మణమ్మ ఒడి చాచింది. పాము నీలం ఖద్దరులోంచి ఆవిడ చేతుల మధ్యగా పాకింది, ఒక వైపు నుంచి దూరి ఇంకో వైపు వచ్చింది. ఆవిడ వేళ్ళు గట్టిగానూ లేవు, వదులుగానూ లేవు. పసిబిడ్డకి నలుగు పెట్టే చేతుల్లా ఉన్నాయి. “నెమ్మదిరా నాయినా. తొందర లేదు. రాసుకో, నాను పట్టుకున్నాను.”

రెండోసారో మూడోసారో చుట్టు తిరిగాక సుహాసిని దాని తల మెల్లిగా ఎత్తి చూసింది. “వచ్చీసింది,” అంది.

కన్ను నల్లగా మెరుస్తోంది. చీర మీద, నీలం దారాల మధ్య, చేప పొలుసు కన్నా చిన్నది ఒకటి అంటుకుని ఉంది. రాజకుమారి దాన్ని గోటి మీదికి తీసి అత్త అరచేతిలో పెట్టింది. లక్ష్మణమ్మ దాన్ని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసింది.

“ఇంతేనా?”

“ఇంతే మామ్మా.”

“ఇంత దానికి లోకం కనబడదేటి.” వేళ్ళ మధ్యది వదలకుండానే అంది: “వాడి పొర వాడే ఇప్పుకుంటాడు. మరి నాది ఎవలు తీస్తారే?”

జగన్నాధం గుమ్మం బయటి నుంచే కారుకి ఫోన్ చేశాడు.

కన్ను వాపు తగ్గే దాకా డాక్టరు ఆగమన్నాడు. తర్వాత కుడి కంటికి ఆపరేషన్ చేశాడు. ఆలస్యమైన మాట నిజమే గానీ, చేయి దాటలేదన్నాడు. ఇంటికి వస్తున్నప్పుడు కారు శ్రీకాకుళం దాటిందో లేదో కూడా లక్ష్మణమ్మ అడగలేదు. కంటి మీద కట్టు ఉంది. రెండు చేతులూ రాజకుమారి చేతుల్లో పెట్టి, “గట్టిగా పట్టుకో. మావాళ్ళ సేతులు ఊరుకోవు,” అంది. సూరయ్య పేరు ఎత్తలేదు. నరసన్నపేట వచ్చే దాకా రాజకుమారి ఆ చేతులు వదల్లేదు. ముక్కు దురద పెడితే గోకింది కూడా ఆవిడే.

కట్టు తీసి, నల్ల కళ్ళద్దాలు పెట్టుకోమన్నారు. కళ్ళద్దాలు పెట్టుకుని లక్ష్మణమ్మ ఇంట్లో తనిఖీకి బయలుదేరింది. అలమర మీద దుమ్ము కనబడింది. గ్యాసు పొయ్యి మీద పాల మరక కనబడింది. కోడలి చెవి దగ్గర తెల్ల వెంట్రుకలు కనబడ్డాయి. “నీకెప్పుడొచ్చినాయే ఇవి?” అని నిమిరి, ఎవరూ చెప్పనందుకు కొడుకుని తిట్టింది. పనంతా పెరిగిపోయిందని రాజకుమారి మనసులో గొణుక్కుంది. గొణుక్కుంటూనే నవ్వొచ్చింది.

కళ్ళద్దాలు ఇక తీయవచ్చని డాక్టరు చెప్పిన మర్నాటి పొద్దున్న, రాజకుమారి పెరట్లో బట్టలు ఆరేసింది. పాము పాకిన పొందూరు చీర ఆ దండెం మీదే ఉంది. ఎండ పడి, గాలికి ఉబ్బి, పెరడంతా ఆకాశం దిగినట్టుంది. లక్ష్మణమ్మ పళ్ళపొడి పట్టుకుని గుమ్మంలోకి వచ్చి ఆగిపోయింది.

“రాజీ, ఆ నీలం సీర ఎవలదే? బాగున్నాది.”

“నీదే అత్తా.”

లక్ష్మణమ్మ చీర వైపు చూసింది. కోడలి వైపు చూసింది. దగ్గరికి వెళ్ళి అంచు పట్టుకుని, వేళ్ళతో నేత తడిమింది. ఆ గరుకు ఆవిడకి తెలుసు, ఆవిడ ఒళ్ళోనే తడిసింది. ఎడమ కన్ను మూసి కుడి కంటితో చూసింది. తర్వాత కుడి కన్ను మూసి, ఇంకా పొర ఉన్న ఎడమ కంటితో చూసింది. మళ్ళీ కుడి కంటితో చూసింది. రాజకుమారి బట్టల క్లిప్పులు ఏరుకుంటున్నట్టు నటిస్తూ ఎదురుచూసింది. రంగు వేసినవాడిది తప్పంటుందా, ఎండది తప్పంటుందా అని లోపల్లోపల పందెం కూడా కాసుకుంది.

లక్ష్మణమ్మ ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది.

రాజకుమారి ఖాళీ బకెట్టు తీసుకుని వెనకే వెళ్ళింది. గది తలుపు కావాలనే తెరిచి ఉంది. లక్ష్మణమ్మ గాజు పెట్టె పక్కన కుర్చీలో కూర్చుంది. బిస్కెట్ కొత్త ఒంటితో మెరుస్తూ, తల ఎత్తి ఆవిడ వైపే చూస్తోంది. ఆవిడ గొంతు మామూలుగా పాముతో మాట్లాడే గొంతు కన్నా కొంచెం పెద్దదిగా ఉంది. వంటింటి దాకా వినబడేంత.

“ఒరే నాయినా,” అంది. “అది నీలవేరా. మా కోడలు తెచ్చింది నీలం సీరే. ఏడాది పొడుగునా ఊరందరికీ బూడిదని సెప్పుకున్నాను.” గొంతు సవరించుకుంది. “తప్పు నాదే.”